గట్టిగా అరిస్తే సరిపోదు.. వినికిడి లోపం ఉన్న పేషెంట్‌తో ఇలా మాట్లాడండి!

• అరవొద్దు.. ఎదురుగా ఉండి నిదానంగా చెప్పాలి
• తోడు వచ్చినవారితో కాదు, పేషెంట్‌తోనే మాట్లాడాలి
• "అర్థమైందా?" అని అడిగి వదిలేయొద్దు

డాక్టర్ మందులు చెబుతారు. పెద్దాయన తలూపుతారు. తీరా ఇంటికెళ్లాక మాత్ర రోజుకొకటా, పూటకొకటా అన్నది తెలియదు. షుగర్, బీపీ మందుల్లో ఇలాంటి పొరపాటు ప్రాణం మీదకు తెస్తుంది. లేపాక్షి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు మగ్గాల పని ఎక్కువ. పవర్‌లూమ్ చప్పుడులో ఏళ్ల తరబడి పనిచేస్తే వినికిడి తగ్గే ముప్పు ఉంటుంది. అందుకే నర్సులు, ఆశా కార్యకర్తలతో పాటు ఇంట్లోవాళ్లూ ఈ విషయాలు తెలుసుకోవాలి.

అరిస్తే ఏమవుతుంది?

వయసు వల్ల, చప్పుడు వల్ల వచ్చే చెవుడులో ముందుగా తగ్గేది సన్నని శబ్దాలే. స, ష లాంటి అక్షరాలు సరిగా అందవు. మాట వినపడుతుంది, కానీ ఏమన్నారో తెలియదు. అరిస్తే శబ్దం పెరుగుతుందే తప్ప స్పష్టత రాదు. పైగా జబ్బు సంగతి ఓపీలో అందరికీ తెలిసిపోతుంది.

ఇలా చేయండి

- ముందు భుజం తట్టి లేదా చెయ్యి ఊపి పలకరించండి. వెలుతురు మీ ముఖం మీద పడాలి. అవకాశం ఉంటే మాస్క్ తీయండి.
- పెదవుల కదలిక ఒక్కటే చాలదు. ప, బ, మ పలికేటప్పుడు పెదవులు ఒకేలా కదులుతాయి. "పూట", "మూట" రెండూ ఒకేలా కనిపిస్తాయి. మోతాదు, టైమ్ తప్పకుండా రాసివ్వండి.
- ఇది కర్ణాటక సరిహద్దు. ఇంట్లో కన్నడ మాట్లాడేవారు తెలుగు పెదవుల కదలిక పట్టుకోలేకపోవచ్చు. ఏ భాషో ముందే అడగండి.
- చదువు రానివారికి చీటీపై సూర్యుడు, చంద్రుడు బొమ్మలు గీసి పక్కన మాత్రల లెక్క చూపండి.
- "ఈ మాత్ర ఎప్పుడు వేసుకుంటారో చూపించండి" అని అడగండి. తలూపితే అర్థమైనట్టు కాదు.
- ఆపరేషన్, ప్రసవం లాంటి విషయాలకు చిన్నపిల్లలతో చెప్పించొద్దు.

చూపు, మాట సమస్య ఉంటే?

చూపు లేనివారికి ముందు మీ పేరు చెప్పండి. సూది వేసే ముందు, ముట్టుకునే ముందు చెప్పండి. "అక్కడ కూర్చోండి" అనకుండా "మీ కుడివైపు కుర్చీ ఉంది" అనాలి. ఉదయం మాత్రల డబ్బాకు ఒక రబ్బర్ బ్యాండ్, రాత్రి డబ్బాకు రెండు వేస్తే తడిమి గుర్తుపడతారు. పక్షవాతంతో మాట పడిపోయినవారిని అవును, కాదు అని చెప్పగలిగే ప్రశ్నలే అడగండి. జవాబుకు టైమ్ ఇవ్వండి.

చట్టం ఏం చెబుతోంది?

దివ్యాంగుల హక్కుల చట్టం-2016 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. 21 రకాల వైకల్యాలను ఇది గుర్తిస్తుంది. సెక్షన్ 25 ప్రకారం వైద్యంలో దివ్యాంగులకు ప్రాధాన్యం ఇవ్వాలి. ప్రభుత్వ, ప్రైవేట్ ఆస్పత్రులు రెండింటిలోనూ ఏ అడ్డంకీ లేకుండా చూడాలి. అంటే త్వరగా చూడమని అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు, హక్కు.

సైన్ లాంగ్వేజ్ సాయం కావాలంటే?

బత్తలపల్లిలో ఆస్పత్రి నడిపే ఆర్డీటీ సంస్థ బధిర పిల్లల కోసం స్కూళ్లు కూడా నడుపుతోంది. ఇలాంటి స్కూళ్ల టీచర్లతో ముందే పరిచయం పెట్టుకోవడం మేలు. ఢిల్లీలోని భారతీయ సంకేత భాషా కేంద్రం 2021లో 10 వేల పదాల వీడియో నిఘంటువు తెచ్చింది. వైద్య పదాలూ అందులో ఉన్నాయి.

చివరిగా ఒక్క మాట. వినపడనివారు 108కు ఫోన్ చేసి మాట్లాడలేరు. పేరు, జబ్బు, వాడే మందులు, ఇంటివాళ్ల నంబర్ రాసిన కాగితం జేబులో పెట్టండి. పక్కింటివాళ్లకూ ముందే చెప్పి ఉంచండి.