నిలబెట్టిన చోటుకూ అద్దె

టైం ఆఫీసు గుమాస్తాగా ఏళ్ళ తరబడి జీతాల పట్టీలు రాసినవాణ్ణి. ఏ పట్టీ చూసినా నా కన్ను ముందు కోతల వైపే పోతుంది. ఒక ఫ్యాక్టరీలో ఆ వైపున ‘లాకరు’ అని కొత్త గడి చేరింది. నెలకు పది రూపాయలు. “టీ ఖర్చంత లేదు, దీనికి గొడవెందుకండీ?” అన్నాడు మేనేజరు. గొడవ పది రూపాయల గురించి కాదు. ఆ గడి ఎంత దూరం పోగలదో ఇంగ్లండు చరిత్రలో ఉంది.

మేజోళ్ళు అల్లే మగ్గాలు 1844 నాటికి బ్రిటన్ మొత్తంలో సుమారు 48 వేలు. వాటిలో అత్యధికం నాటింగ్‌హాం, లెస్టర్, డెర్బీ ప్రాంతాల్లోనే ఉండేవి. చాలావరకు అవి పనివాళ్ళవి కావు, వ్యాపారులవి. లేదా మధ్య దళారీలవి. వారానికి ఇంచుమించు ఒక షిల్లింగు మగ్గం అద్దె కింద కూలిలోనే పట్టుకునేవారు. మగ్గం దళారీ షెడ్డులో ఉంటే, దాన్ని నిలబెట్టిన చోటుకు వేరే అద్దె. దీపానికి, బొగ్గుకు, సూదులకు మరికొంత. సొంత మగ్గం ఉన్నవాడూ తప్పించుకోలేదు. ఎంతో కొంత అద్దె ముట్టజెప్పకపోతే చాలాచోట్ల అతనికి పని ఇచ్చేవారు కాదు.

అసలు మెలిక ఇక్కడుంది. గిరాకీ పడిపోతే యజమాని కొన్ని మగ్గాలు ఆపాలి. కానీ నడిచే ప్రతి మగ్గమూ అద్దె తెస్తుందాయె! అందుకని పది మగ్గాల పనిని ఇరవైకి పంచేవాడు. పనివాడికి సగం వారం పని, నిండు వారం అద్దె. మేజోళ్ళు అమ్ముడుపోకపోయినా అద్దె రాబడి ఆగదు. ఈ పనివాళ్ళ పరిస్థితిని విచారించిన మగరిడ్జ్ కమిషన్ 1845లో ఈ బాగోతమంతా నివేదికకెక్కించింది. కూలి నాణేల్లోనే ఇవ్వాలన్న 1831 చట్టం ఉన్నా, అది ఈ అద్దెను ఆపలేదని కోర్టులు తేల్చాయి. మగ్గం విరగ్గొట్టినవాడికి ఉరిశిక్ష అని పార్లమెంటు 1812లోనే చట్టం చేసింది. కూలిలో మగ్గం అద్దె పట్టుకోకూడదని చెప్పడానికి మాత్రం 1874 దాకా ఆగింది. ఎవరి నష్టానికి ఎంత తొందరో చూడండి.

అక్కడి బొగ్గు గనుల కథ కొంచెం వేరు. మసి బట్టలు మార్చుకుని స్నానం చేసే గదులు గని దగ్గరే కావాలని కార్మికులు అడిగారు. కార్మికుల్లో మూడింట రెండు వంతుల మంది ఓటేసి, నిర్వహణ ఖర్చులో సగం తామే భరిస్తామంటేనే యజమాని కట్టాలంది 1911 చట్టం. కట్టినవి కొద్ది. 1920లో టన్ను బొగ్గుకు ఒక పెన్నీ చొప్పున సంక్షేమ నిధి పెట్టాక, 1926లో భూస్వాముల రాయల్టీ మీదా పన్ను వేశాక ఆ గదులు వందల్లో లేచాయి. నిర్వహణకు కార్మికులు వారం వారం కొన్ని పెన్నీలు ఇస్తూనే వచ్చారు. దాన్ని నేను తప్పుపట్టను. ఆ లెక్కలు చూసే కమిటీల్లో వాళ్ళకూ చోటుండేది మరి.

మన దేశంలో 1936 వేతన చెల్లింపు చట్టం ఈ పాఠాన్ని కొంత ఒంటబట్టించుకుంది. యజమాని ఇచ్చే సౌకర్యానికి కోత పెట్టాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాలని, కార్మికుడు ఒప్పుకోవాలని, కోత ఆ సౌకర్యం విలువను మించకూడదని చెప్పింది. పనిముట్లను, ముడిసరుకును ఆ లెక్కలోకే రానివ్వలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం ఇంకా ముందుకెళ్ళింది. బట్టలు దాచుకునే, ఆరబెట్టుకునే చోటు గురించి 43వ సెక్షన్ చెప్పింది. క్యాంటీన్ విషయంలో తప్ప, చట్టం ప్రకారం కల్పించాల్సిన ఏ ఏర్పాటుకూ కార్మికుడి దగ్గర రుసుము వసూలు చేయరాదని 114వ సెక్షన్ తేల్చేసింది.

నా తీర్పు ఒక్కటే. పని కోసం విప్పిన చొక్కా, పని కోసం తెచ్చిన పనిముట్టు పెట్టుకునే చోటు యజమాని ఖర్చే. మీ పే స్లిప్పులో అలాంటి గడి కనిపిస్తే, మొత్తం చిన్నదని వదిలేయకండి. ఏ చట్టం కింద పట్టుకుంటున్నారో రాతపూర్వకంగా అడగండి.