ఓడకు ముందు మైనపుబొమ్మ



గండికోట లోయను దాటి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల ప్రక్కగా సాగు పెన్న నెల్లూరు సీమలో సముద్రమున గలియుచున్నది. పులివెందుల సీమనుండి పాపఘ్ని తెచ్చు నీరును ఆ పెన్నలోనికే చేరును. మన నీరు సముద్రమునకు బోయినంతమాత్రమున ఓడల చరిత్ర మనకేల యని మీరడుగవచ్చును. క్రొత్తవిత్తనమును చేనంతటను జల్లక, తొలుత నొకమూల విత్తి చూచుట మన రైతుల మర్యాద. ఓడల విషయమున నీ వివేకము కుదురుటకు చిరకాలము పట్టెను. అందులకై మనుష్యులు ప్రాణములనే వెల యిచ్చిరి.

బ్రిటిషు నౌకాదళమున "కాప్టెన్" అను యుద్ధనౌక యుండెను. దాని నూహించినవాడు కౌపర్ కోల్స్. ఓడ ప్రక్కలు నీటికి మిక్కిలి దగ్గర. తెరచాప కొయ్యలు మిక్కిలి యెత్తు. ఇది యపాయమని నౌకాదళపు ప్రధాన శిల్పి ఎడ్వర్డ్ రీడ్ హెచ్చరించెను. పత్రికలును, పార్లమెంటు సభ్యులును కోల్సు పక్షమే వహించిరి. ఓడను కొంచెము ఒరగజేసి, అది యెంతవరకు నిలద్రొక్కుకొనగలదో తేల్చు పరీక్షను కట్టి ముగించిన పిదపనే చేసిరి. లెక్కలు పూర్తియగునప్పటికి ఓడ సముద్రముపై నుండెను. 1870 సెప్టెంబరు 7వ తేదీని, అర్ధరాత్రము దాటిన పిమ్మట, గాలివానలో నది తలక్రిందయ్యెను. ఇంచుమించు 480 మంది మరణించిరి. వారిలో కోల్సు నొకడు.

ఆ యేటనే విలియం ఫ్రూడ్ అను ఇంజనీరు ప్రయోగములకు నౌకాశాఖవారు ధనమీయ నంగీకరించియుండిరి. ఆయన టార్కీ పట్టణమున తన యింటిచెంత పొడవైన తొట్టి కట్టించి, 1872లో ప్రయోగముల నారంభించెను. మైనముతో చిన్న యోడలను జేసి, నీటిపై లాగించి, నీరు వాని నెంత బలముతో నాపుచున్నదో కొలిచెను. ఓడ పొడవు బొమ్మకు 25 రెట్లున్నచో, బొమ్మను ఓడ వేగములో నైదవవంతుతో లాగవలెను. అప్పుడు రెంటిచుట్టును లేచు అలలు ఒకేతీరుగ నుండును. నీటి రాపిడి మాత్ర మీ సూత్రమునకు లొంగదు గనుక, దానిని వేరుగ కొలిచి లెక్కలో గలిపెను. తన మాటను దానే నమ్మి యూరకుండలేదు. 1871లో "గ్రేహౌండ్" అను నిజమైన యోడను మరియొక యోడచే లాగించి తీసిన కొలతలతో బొమ్మ లెక్కలను సరిపోల్చెను. అవి చాల దగ్గరగ సరిపడెను. నాటినుండి అనేక దేశములవా రట్టి తొట్లను గట్టుకొనిరి.

మన తెలుగుదేశమున నీ విద్యకు స్థానము విశాఖపట్టణము. స్వదేశమున గట్టిన "జల ఉష" అను ఓడను 1948 మార్చి 14వ తేదీని నెహ్రూగారు అచ్చటనే నీటిలోనికి దింపిరి. 1969 ఆగస్టు 20వ తేదీని అచ్చట నౌకా విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాల స్థాపితమయ్యెను. అందు ఓడ నమూనాలను లాగి పరీక్షించు తొట్టి పొడవు 500 మీటర్లు. టార్పీడోలను, అనగా నీటిలోపల తమంత పరుగిడు ప్రేలుడాయుధములను గూర్చియు నచ్చట పరిశోధన సాగుచున్నది.

ఆ పరిశోధన యెంత యవసరమో రెండేండ్లకే తెలియవచ్చెను. 1971 డిసెంబరు 9వ తేదీని డయ్యూ సమీపమున పాకిస్తాను జలాంతర్గామి వదలిన టార్పీడో తగిలి మన "ఖుక్రీ" నౌక మునిగెను. నాయకుడు మహేంద్రనాథ్ ముల్లాతో గూడ 18 మంది అధికారులును, 176 మంది నావికులును అసువులు బాసిరి. 2020లో మన నౌకాదళమునకు "మారీచ్" అను రక్షణసాధనము చేరెను. కొచ్చి, విశాఖ ప్రయోగశాలలు కలిసి దానిని రూపొందించినవి. రాముని గొంతు ననుకరించి లక్ష్మణుని మరల్చిన మారీచుని కథ మీరెరిగినదే. ఈ సాధనమును వట్టి ధ్వనిచేతనే, ఓడను వెదకివచ్చు టార్పీడోను దారి తప్పించును. నాడు సీత నెడబాపిన మాయ నేడు నావికుల ప్రాణములను గాచుటకు నియోగింపబడినది.

తొట్టిలో బొమ్మ మునిగినచో నష్టము కొంచెము మైనము. సముద్రమున నోడ మునిగినచో ఎన్నియో యిండ్లలో దీపములారును. పరీక్షకు బట్టు కాలమును జాగుగా నెంచరాదని యీ చరిత్ర మనకు దెలుపుచున్నది. మీ మనుమడు నౌకాదళమున జేరెదనన్నచో, అతడెక్కబోవు నోడకు ముందుగ బొమ్మయోడ యొకటి అలలతో బోరాడి వచ్చినదని తలచుకొని ధైర్యము దెచ్చుకొనుడు.