ఒకే సర్క్యూట్, రెండు గొంతులు

మా అబ్బాయి బెంగుళూరులో ఉద్యోగం చేస్తాడు, తీరిక దొరికితే గిటార్ వాయిస్తాడు. కిందటి సంక్రాంతికి ఇంటికొచ్చి, రెండు పాత సర్క్యూట్ డయాగ్రాలు నా ముందు పరిచాడు. "నాన్నా, ఇరవై ఎనిమిదేళ్లు ఫౌజులో రేడియోలు బాగుచేశావుగా. వీటిలో తేడా ఏముందో చెప్పు. నాకు రెండూ ఒకటే అనిపిస్తున్నాయి" అన్నాడు.

ఒకటి అమెరికా ఫెండర్ కంపెనీవారి బాస్‌మన్ ఆంప్లిఫయర్, 5ఎఫ్6-ఏ రకం. రెండోది ఇంగ్లండులో పుట్టిన మార్షల్ జేటీఎం 45. రెండూ వాల్వుల కాలం నాటివి. నిజం చెప్పొద్దూ, మొదటి చూపుకి నాకూ ఒకటే అనిపించింది. అయితే వినేవాళ్లు ఈ రెండింటి గొంతునీ వేరువేరుగా గుర్తుపడతారట. మరి తేడా ఎక్కడుంది?

ముందు చరిత్ర చూద్దాం. బాస్‌మన్ 1952లో బాస్ గిటార్ కోసం వచ్చింది. తర్వాత దాన్ని మార్చుతూ పోయారు. 5ఈ6-ఏ రకంలో కరెంటును డీసీగా మార్చడానికి రెండు 5యూ4 రెక్టిఫయర్ వాల్వులు ఉండేవి. 5ఎఫ్6లో వాటి బదులు పాదరసపు ఆవిరితో పనిచేసే 83 వాల్వు పెట్టారు, మిడిల్ కంట్రోలు కూడా చేర్చారు. 5ఎఫ్6-ఏలో 83 పోయి జీజెడ్34 వచ్చింది. ఈ చివరి రకం 1958 నుంచి 1960 దాకా నడిచింది. పది అంగుళాల స్పీకర్లు నాలుగు, వెనక తెరిచి ఉన్న పెట్టె. బాస్ వాయించేవాళ్లకన్నా మామూలు గిటార్ వాళ్లే దీన్ని ఎక్కువ ఇష్టపడ్డారు.

ఇక రెండోదాని సంగతి. డ్రమ్స్ నేర్పే జిమ్ మార్షల్ 1960లో లండన్ పడమటి వైపు హాన్‌వెల్‌లో సంగీత వాయిద్యాల దుకాణం పెట్టాడు. అమెరికా ఆంప్లిఫయర్లు అక్కడ బాగా ఖరీదు. అలాంటిది మనమే చేసుకుంటే ఏం అనుకున్నారు. దుకాణంలో రిపేర్లు చూసే కెన్ బ్రాన్, కుర్రవాడైన డడ్లీ క్రేవెన్ కలిసి బాస్‌మన్ సర్క్యూట్‌ను ముందు పెట్టుకుని 1962లో మొదటి యంత్రం తయారుచేశారు. సర్క్యూట్ అమెరికాది, సామాను మాత్రం చాలావరకు ఇంగ్లండులో దొరికిందే. అసలు కథ ఇక్కడే ఉంది.

మొదటి వాల్వు చూడండి. ఫెండర్‌లో 12ఏవై7, దాని ఆంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ 44. మార్షల్ ఆ చోట ఈసీసీ83 పెట్టాడు. మనం 12ఏఎక్స్7 అనేది దాన్నే. దానిది 100. కాళ్ల అమరిక ఒకటే, సాకెట్టులో చక్కగా కూర్చుంటుంది. కానీ సంకేతం మొదటి మెట్టులోనే పెద్దదై, తర్వాతి మెట్లను తొందరగా నిండుతుంది.

అవుట్‌పుట్ వైపు ఫెండర్‌లో రెండు 5881 వాల్వులు. ఇవి 6ఎల్6కి గట్టి రూపం. మన పాత 19 నంబరు వైర్‌లెస్ సెట్టులోని 807 వాల్వు కూడా ఆ ఇంటిదే. మార్షల్ మొదట 5881 వాడినా, తర్వాత ఇంగ్లండు వాల్వు కేటీ66కి మారాడు. స్పీకర్లు పన్నెండు అంగుళాల సెలెషన్లు నాలుగు, వెనక మూసిన పెట్టెలో.

నన్ను ఆపింది మాత్రం 27 కిలో ఓమ్‌ల రెసిస్టరు. అవుట్‌పుట్ నుంచి కొంత సంకేతాన్ని వెనక్కి పంపే నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ దారిలో ఉంటుంది. రెండు డయాగ్రాల్లోనూ అదే విలువ. కానీ ఫెండర్‌లో ఆ తీగ 2 ఓమ్‌ల స్పీకరు వైపు నుంచి వస్తుంది. మార్షల్ యంత్రాల్లో 16 ఓమ్‌ల వైపు నుంచి తీసుకున్నవి ఉన్నాయి. 45 వాట్లు 2 ఓమ్‌ల మీద సుమారు 9.5 వోల్టులు, అదే 45 వాట్లు 16 ఓమ్‌ల మీద సుమారు 27 వోల్టులు. అంటే దాదాపు మూడింతలు వెనక్కి పోతోంది. విలువ మారలేదు, చోటు మారింది. నేను ఇంటర్ చదివి ఫౌజులో చేరినవాణ్ణి. లెక్క తప్పితే మన సంఘంలోని ఇంజనీరు మిత్రులు మన్నించి సరిదిద్దగలరు.

ఆ రెసిస్టరు చూస్తుంటే నాకు 1994 చలికాలం గుర్తొచ్చింది. ఒక వైర్‌లెస్ సెట్టు ఆసిలేటర్‌లో చిన్న కండెన్సరు పాడైంది. అసలుది స్టోర్‌లో లేదు. అన్నే పికోఫారడ్లున్న మామూలు కండెన్సరు వేశాను. బెంచి మీద సెట్టు బ్రహ్మాండంగా పలికింది. కానీ అసలు కండెన్సరు వేడికీ చలికీ విలువ మార్చుకుంటూ ఫ్రీక్వెన్సీని నిలబెట్టే రకం. నేను వేసింది అలాంటిది కాదు. పైన మంచులో ఉన్న పోస్టులో ఫ్రీక్వెన్సీ జారిపోయి రెండు రాత్రులు సంబంధం తెగింది. ఆపరేటర్ కుర్రాడికి సెట్టు ట్యూన్ చేయడం రాదన్నారు. పాపం అతని సెలవు వాయిదా పడింది. నేను మార్చిన సంగతి లాగ్ కార్డులో రాయలేదు కాబట్టి కారణం ఎవరికీ దొరకలేదు. సెట్టు వర్క్‌షాపుకి తిరిగొచ్చాక నేనే పట్టుకుని ఒప్పుకున్నాను. అప్పటికే ఆ కుర్రాడి చెల్లెలి పెళ్లి అయిపోయింది.

మార్షల్ దుకాణంలోనూ దొరికినప్పుడు దొరికిన సామానే వేశారు. తొలి యంత్రాల్లో ఒకదానికీ ఇంకోదానికీ భాగాల్లో తేడాలున్నాయి. అయితే వాళ్ల అదృష్టం, ఆ మార్పు ఒక కొత్త గొంతునిచ్చింది. 1966లో ఎరిక్ క్లాప్టన్ జాన్ మేయాల్ బృందంతో చేసిన రికార్డులో వినిపించేది ఆ కుటుంబపు ఆంప్లిఫయరే. తర్వాత కేటీ66 పోయి ఈఎల్34 వచ్చింది, జీజెడ్34 పోయి సిలికాన్ డయోడ్లు వచ్చాయి. లోడు పడితే వాల్వు రెక్టిఫయర్ వోల్టేజి కాస్త కుంగుతుంది, డయోడు అంతగా కుంగదు. గొంతు మళ్లీ మారింది.

మా వాడికి చెప్పాను: "రెండూ ఒకటే అని కాగితం అంటుంది నాన్నా. సామాను ఒప్పుకోదు." వాడిప్పుడు జేటీఎం 45 నమూనాలో సొంతంగా ఒకటి కట్టుకుంటున్నాడు. ఏ వాల్వు వేసుకున్నా ఫరవాలేదుగానీ, ఏది మార్చావో తేదీతో సహా రాసి మూత లోపల అంటించమన్నాను. మొన్న ఫోటో పంపాడు. సగం తీగలే అతికాయి, చీటీ మాత్రం అప్పుడే అంటించాడు. అందులో మొదటి వరుస: 12ఏవై7 బదులు ఈసీసీ83.

జై హింద్.