బాకీ గడువు నుంచి పండగ సెలవు దాకా

ఏడాది చివర్లో తెలుగు రాష్ట్రాల సచివాలయాల నుంచి వెలువడే జీవోల్లో, ఎవరూ చెప్పకుండానే ఉద్యోగులందరూ చదివేది వచ్చే ఏటి సెలవుల జీవో. మర్నాడు పత్రికల్లో ఆ జాబితా వస్తుంది. చదివేవాళ్ల కళ్లు పండగ పేరు కంటే ముందు వారం మీద వాలతాయి. ఏది ఆదివారంలో కలిసిపోయింది, ఏది శుక్రవారం పడింది, రెండో శనివారానికి ముందున్న గురువారం సెలవైతే నడుమ ఒక సీఎల్ (ఆకస్మిక సెలవు) పెట్టి ఊరికి వెళ్లి రావచ్చునా అన్న లెక్క అక్కడే మొదలవుతుంది. ఈ లెక్కను పని ఎగ్గొట్టే యుక్తిగా చూడటం చాలామంది పై అధికారులకు అలవాటు. ఆ చూపు సరైనది కాదనడానికి చరిత్రలో గట్టి ఆధారం ఉంది. మన ప్రభుత్వ సెలవుల జాబితాకు పునాది మనుషుల విశ్రాంతి కాదు, బాకీల గడువు. దాని పక్కన సొంత సెలవు అతికించుకుని నాలుగు రోజులు పోగుచేసుకునే ఉద్యోగి, ఆ జాబితా మొదటి నుంచీ పట్టించుకోని అవసరాన్ని తన చేతనైనంతలో తీర్చుకుంటున్నాడు.

1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం పేరు చెప్పగానే మనవాళ్లకు గుర్తొచ్చేది చెక్కు బౌన్సు కేసు, 138వ సెక్షను. అదే చట్టంలోని 25వ సెక్షను గురించి కోర్టుల బయట మాట్లాడేవాళ్లు తక్కువ. కానీ సంక్రాంతికి బ్యాంకు మూసేది ఆ సెక్షను కిందనే. అందులో ఉన్నది చిన్న సంగతి: ప్రామిసరీ నోటు గానీ, బిల్లు గానీ చెల్లించాల్సిన గడువు సెలవు రోజున పడితే, దానికి ముందున్న పనిదినాన్నే గడువుగా లెక్కించాలి. మరి సెలవు రోజంటే ఏది? దానికి ఒక వివరణ అవసరమైంది. మొదట రాసిన వివరణలో ఆదివారాలు, ఇంగ్లీషు సంవత్సరాది, క్రిస్మస్, గుడ్‌ఫ్రైడే ఉన్నాయి. ఇవి కాక స్థానిక ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించే రోజులు. సంవత్సరాది గానీ క్రిస్మస్ గానీ ఆదివారం పడితే మరుసటి సోమవారం సెలవని కూడా అందులోనే రాశారు. ఉగాది, దసరా, రంజాన్ల పేరు చట్టంలో లేదు. అవి ప్రకటనల దయ మీద ఆధారపడ్డాయి. ఆదివారంలో కలిసిపోయిన సెలవుకు బదులిచ్చే ఆలోచన ఈ దేశపు చట్టంలోకి 1881లోనే వచ్చింది, కానీ పాలకుల పండగలకు మాత్రమే. ఆ తర్వాత ఆ పేర్లన్నీ వివరణలోంచి పోయాయి, వాటితోపాటు సోమవారం హామీ కూడా పోయింది. ఈ రోజుకీ ఆదివారం పడిన పండగకు మన జాబితాలో బదులు రోజు దానంతటది రాదు.

ఈ చట్టానికి పదేళ్ల ముందు ఇంగ్లండులో జరిగిన పనిని పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడా సమస్య బాకీలదే. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు ఒకప్పుడు సాధుపురుషుల పేరిట ఎన్నో రోజులు మూసేది. 1834లో ఆ సంఖ్యను నాలుగుకు కుదించింది. జాన్ లబ్బక్ స్వయంగా బ్యాంకరు, పార్లమెంటు సభ్యుడు. 1871లో ఆయన తెచ్చిన బ్యాంకు సెలవుల చట్టం, ఆ రోజుల్లో గడువు పడిన బిల్లులను మర్నాడు చెల్లించవచ్చని చెప్పి బ్యాంకులు మూసుకునే వీలు కల్పించింది. ఆయన ఎంచుకున్న రోజులు చూడండి: ఈస్టరు సోమవారం, విట్ సోమవారం, ఆగస్టులో మొదటి సోమవారం, క్రిస్మస్ మర్నాడు. నాలుగింటిలో మూడు ఆదివారానికి ఆనుకున్నవే. ఆగస్టు సోమవారానికైతే ఏ పండగతోనూ సంబంధం లేదు. వేసవిలో జనం రెండు రోజులు వరుసగా ఊపిరి పీల్చుకోవడానికే అది ఉంది. బాకీల చట్టం వేషంలో విశ్రాంతి చట్టం తెచ్చాడాయన. మనకు గడువు నిబంధన వచ్చింది గానీ ఆగస్టు సోమవారం రాలేదు.

విశ్రాంతి ఈ దేశంలో వేరే దారిన వచ్చింది, అదీ పోరాడితే వచ్చింది. బొంబాయి మిల్లు కార్మికుల కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో వేల సంతకాలతో అర్జీ పెట్టించాడు. ఆదివారం సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం అందులోని కోరికలు. జ్యోతిరావు ఫూలే సత్యశోధక ఉద్యమంలోంచి వచ్చిన మనిషాయన. మరాఠా కార్మికులకు ఆదివారం ఖండోబా దేవుడి వారం కూడా కనుక అది పాదరీల సెలవుగా కాక తమ సెలవుగానే అనిపించింది. 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఒప్పుకున్నారు. మరుసటి ఏడు ఫ్యాక్టరీల చట్టంలో వారానికొక సెలవు చేరింది. దుకాణాలు, హోటళ్ల పనివాళ్లకు ఆ మాత్రం కేంద్ర చట్టం రావడానికి 1942 దాకా పట్టింది. ఇలా వారపు సెలవు కార్మికుడి కోరిక నుంచి, పండగ సెలవు బ్యాంకు గడువు నుంచి పుట్టి, వేరువేరు చట్టాల్లో పెరిగాయి. ఆ రెంటినీ కలిపి చూసి, మనిషికి వరుసగా ఎన్ని రోజులు కావాలని అడిగిన చట్టం ఏదీ లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక అడగడానికి మంచి అవకాశమే దొరికింది. 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘం ఏర్పడింది. దేశంలో ముప్పై రకాల పంచాంగాలు వాడుకలో ఉంటే ఒకే పండగ పక్కపక్క ఊళ్లలో వేర్వేరు రోజులు వస్తోంది. ప్రభుత్వం ఏ రోజున సెలవివ్వాలి? 1955 నాటి నివేదిక మేరకు 1957 మార్చి 22న శక సంవత్సరపు జాతీయ పంచాంగం అమల్లోకి వచ్చింది. అదే ఏడాది జూన్ 8న కేంద్ర హోంశాఖ 25వ సెక్షను కింద సెలవులు ప్రకటించే అధికారాన్ని రాష్ట్రాలకు అప్పగించింది. ఇప్పటికీ రాష్ట్రాల సెలవు ప్రకటనల్లో ఆ తేదీ కనిపిస్తుంది. అంత పెద్ద కసరత్తు జరిగినా తేలింది పండగ ఏ తేదీన వస్తుందన్నదే. ఆ తేదీ బుధవారమైతే, రాత్రంతా ప్రయాణించి ఊరు చేరాల్సిన గుమాస్తా ఏం చేయాలన్నది ఎవరి పరిధిలోకీ రాలేదు.

అది ఉద్యోగులే తేల్చుకున్నారు, సర్వీసు నిబంధనల సందుల్లోంచి. ఆర్జిత సెలవు పెడితే నడుమ వచ్చే ఆదివారాలు, పండగలు కూడా ఖాతాలోంచి పోతాయి. ఆకస్మిక సెలవుకు ఆ నష్టం లేదు. నిబంధనల భాషలో అది అసలు సెలవే కాదు, డ్యూటీ కింద లెక్క. అందుకే రాష్ట్ర ఉద్యోగి ఏడాదికి తనకున్న పదిహేను సీఎల్‌లనూ, అయిదు ఐచ్ఛిక సెలవులనూ జాబితాలోని రోజులకు ముందో వెనుకో కలుపుకుంటాడు. అన్నీ కలిసి పది రోజులు దాటకూడదని ప్రభుత్వమే హద్దు గీసింది. ప్రభుత్వం తెలిసే అనుమతించిన ఏర్పాటు ఇది, దొంగచాటు వ్యవహారం కాదు. ముందుగా లెక్కేసుకోకపోతే కుదరదు కూడా. రైలు రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తున్నారు, 2024 నవంబరుకు ముందైతే 120 రోజులు. భోగి నాటికి గోదావరి జిల్లాలకు చేరాలనుకునే హైదరాబాదు కుటుంబం దీపావళి ప్రమిదలు ఆరేసరికే టికెట్ల సంగతి చూడాలి. ఇందులో సంక్రాంతికి ఒక సౌలభ్యముంది: అది సూర్యుణ్ణి బట్టి వస్తుంది. వివేకానందుడు పుట్టిన 1863లో మకర సంక్రాంతి జనవరి 12; ఇప్పుడు 14 లేదా 15. సుమారు డెబ్బై ఏళ్లకొక రోజు జరిగే పండగను పంచాంగం చూడకుండానే నమ్ముకోవచ్చు. తిథి మీద నడిచే ఉగాదికి, నెలవంక చూశాక ఖాయమయ్యే రంజాన్‌కు ఆ వీలు లేదు. తెలుగువాళ్ల పెద్ద ప్రయాణం సంక్రాంతికే సాగడానికి మొదటి కారణం ఇంటికి చేరిన పంటే. కానీ ఉద్యోగుల కాలంలోనూ అది నిలిచి బలపడటంలో ఈ స్థిరమైన తేదీకి పాత్ర ఉందని నేననుకుంటాను.

సెలవులు ఇప్పటికే ఎక్కువ, వాటికి ఇలా కలుపుకునే రోజులు కూడా తోడైతే జనం పనులు ఆగిపోతాయన్నది తరచూ వినిపించే అభ్యంతరం. ఇందులో నిజముంది. పింఛను కోసమో భూమి కాగితం కోసమో బస్సెక్కి వచ్చి తాళం చూసి వెనుదిరిగే మనిషి నష్టం చిన్నది కాదు. అయితే తాళం వేయించేది అందరికీ ఒకే రోజున ఇచ్చే సెలవు, ఎవరికి వారు ఎంచుకునే సెలవు కాదు. అయిదో వేతన సంఘం 1997లో దాదాపు ఈ మాటే అంది: కార్యాలయాలు మూసే సెలవులను మూడు జాతీయ దినాలకు పరిమితం చేసి, ఉద్యోగి ఇష్టం మీద తీసుకునే సెలవులు పెంచమంది. ఈ ఇచ్చిపుచ్చుకోలు జరగలేదు. మూసే సెలవులు అలాగే ఉండిపోయాయి. కేంద్ర ఉద్యోగుల ఆకస్మిక సెలవులు మాత్రం పన్నెండు నుంచి ఎనిమిదికి తగ్గాయి. పోగొట్టుకున్నది తప్ప బదులుగా వచ్చింది లేదు.

పండగను సోమవారానికి జరిపితే ఇబ్బందే ఉండదు కదా అనేవాళ్లు జపాన్‌ను చూపిస్తారు. అక్కడ ఆదివారం పడిన సెలవుకు మర్నాడు బదులివ్వడం 1973లో మొదలైంది. 2000 నుంచి వయోజన దినోత్సవాన్ని జనవరి 15 నుంచి ఆ నెల రెండో సోమవారానికి మార్చారు. మొదటిది మనం తీసుకోదగ్గది. రెండోది మన పండగలకు నప్పదు. పౌర్ణమి నాటి పండగను సోమవారం చేయమని ఏ ఇంటికీ చెప్పలేం, చెప్పకూడదు కూడా. అవసరమూ లేదు: పండగ తన తిథి నాడే ఉండి, దాని పక్క రోజును ఐచ్ఛికం చేస్తే చాలు. అందరూ ఒకేసారి కదలితే బస్టాండ్లు కిక్కిరిసిపోతాయన్న భయానికి కూడా ఇదే సమాధానం, ఎంచుకునే వీలున్నచోట జనం చెదిరి కదులుతారు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే అభ్యంతరం మరొకటి. ఊరికి చేర్చే బస్సు డ్రైవరుకు, పండగ రాత్రి వార్డులో ఉండే నర్సుకు, బందోబస్తు కానిస్టేబులుకు ఈ లెక్కలో చోటేదని. ఒకరి వరుస సెలవు మరొకరి అదనపు డ్యూటీ మీద నిలబడుతోందన్నది కాదనలేని మాట. దానికి మందు మిగతావాళ్ల సెలవు కోయడం కాదు. పండగ నాడు పనిచేసినవాళ్లకు బదులు రోజును, వాళ్లే తేదీ ఎంచుకునేలా, ముందుగానే ఖాయం చేసి రోస్టరులో రాయడం. రోజుకూలికి వెళ్లేవాళ్ల సంగతి ఇంకా వెనక ఉంది. సెలవంటే వాళ్లకు ఆ పూట కూలి లేకపోవడం. 1881 చట్టానికి వాళ్ల బాకీలు కూడా కనిపించలేదు. 1891 చట్టం ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోయింది. పండగ పక్క రోజు ఎవరిదన్న చర్చ ఎప్పుడు జరిగినా, కూలితో కూడిన పండగ రోజు వాళ్లకు ఎప్పుడన్న ప్రశ్నను అందులో మొదట పెట్టాలి.