కంటి గంత, పాశసూత్రము

శ్రీశైలమునకు నాలుగు దిక్కుల నాలుగు ద్వారములు చెప్పుదురు. దక్షిణమున సిద్ధవటము, పశ్చిమమున అలంపురము, ఉత్తరమున ఉమామహేశ్వరము; తూర్పు వాకిలి మార్కాపురమునకు ఈశాన్యముగా, కుమారగిరిమీద నున్న త్రిపురాంతకము. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు అందు చేరువఱకు ఈ ప్రాంతము కర్నూలు జిల్లాలోనిది. కొండమీద త్రిపురాంతకేశ్వరుని, క్రింద చెఱువులో బాలాత్రిపురసుందరిని సేవించి యాత్రికులు వచ్చిన బండిలోనే మరలిపోవుదురు గాని, కాకతీయులనాడు ఈ క్షేత్రము గోళకీమఠమను శైవాచార్యసంఘమునకు ఒక స్థానమై యుండెననియు, ఆ సంఘమున చేరువానిని కన్నులకు గంత కట్టి లోనికి నడిపించు విధి యొకటి యుండెననియు తలంచువారు అరుదు.

ఆ సంఘచరిత్రకు మనకున్న పెద్ద ఆధారము గుంటూరు సీమలోని మల్కాపుర శాసనము. 1261లో రుద్రమదేవి విశ్వేశ్వర శివాచార్యునకు కృష్ణాతీరపు మందడ గ్రామమును ధారపోసిన సందర్భమున పుట్టిన ఆ శాసనము, గంగా నర్మదల నడుమ డాహలమండలమున సద్భావశంభువు కలచురి యువరాజునొద్ద మూడులక్షల గ్రామములు భిక్షగా గొని గోళకీమఠమును స్థాపించెనని చెప్పి, అతని పిదప సోమశంభువు మొదలైనవారి పరంపరను విశ్వేశ్వరునివఱకు వర్ణించుచున్నది. మూడులక్షలన్న లెక్కను కవిగారి ఔదార్యము క్రింద జమకట్టవచ్చును. గౌడదేశపు పూర్వగ్రామమున బుట్టి తెలుగునేలకు వచ్చిన విశ్వేశ్వరుడు గణపతిదేవునకు దీక్షాగురువు. అనగా ఓరుగంటి ప్రభువే ఈ సంఘపు వాకిట తలవంచినవాడు.

ఇక దీక్షావిధి యెట్టిదో తెలిసికొనుటకు, పదునొకండవ శతాబ్దిలో సోమశంభువు రచించిన పద్ధతిగ్రంథమే చాలును. రంగుల పొడులతో మండలము తీర్చిన మండపమునకు శిష్యుని క్రొత్తవస్త్రముతో కన్నులు గట్టి తెచ్చెదరు. చూపులేని ఆ స్థితి పశుత్వమునకు, అనగా జీవుని సహజమైన అజ్ఞానమునకు గుర్తు. అతడు దోసిటిలోని పువ్వును ముందునకు విసరును. పువ్వు పడినచోటును బట్టి అతనికి క్రొత్తపేరు పెట్టి, గంత విప్పి శివుని జూపుదురు. ఇది సమయదీక్ష. దీనికి పైమెట్టు నిర్వాణదీక్ష. ముందునాటి రాత్రి శిష్యుడు పలుదోము పుల్లను విసరి అది పడిన దిక్కున శకునము చూపించుకొని, దర్భలపై పరుండి, తెల్లవారి తన కలలను గురువునకు విన్నవింపవలెను. కల చెడ్డదైనచో శాంతిహోమము. పిమ్మట కన్య వడకిన నూలును మూడు పేటలు చేసి, శిష్యుని శిఖనుండి కాలి బొటనవ్రేలివఱకు వ్రేలాడదీయుదురు. ఇదియే పాశసూత్రము. నివృత్తి మొదలు శాంత్యతీతవఱకు గల 5 కళలను, వానిలో నిమిడిన 36 తత్త్వములను, 224 భువనములను, ఒక్క మాటలో సృష్టినంతను, గురువు ఆ నూలిమీదికి ఆవాహించి, కళకొక ముక్కగా కోసి అగ్నిలో వేయును. కడపట శిఖాగ్రము గూడ హోమగుండము పాలగును. ఏ యే లోకములలో ఎన్నెన్ని జన్మములెత్తి అనుభవింపవలసిన కర్మమో అంతయు నిలువెత్తు నూలుమీద ఒకనాటితో దహింపబడుచున్నదను ఈ భావనకంటె సాహసమైన భావన మఱియొక మతతంత్రమున నేను చూడలేదు.

ఇప్పుడు హైదరాబాదు గోషామహల్ బారాదరికి రావలెను. గోలకొండ కడపటి సుల్తాను తానాషా కాలమున, 1682లో కట్టబడిన ఆ మందిరము 1872లో ఫ్రీమేసనుల పాలయ్యెను. 1717లో లండనున తమ మహాసభను నెలకొల్పుకొని, 1730 నాటికే కలకత్తాకు వచ్చిన ఆ సౌభ్రాత్రసంఘమువారి విధిలోను ప్రవేశార్థికి కన్నులు గట్టుదురు. మెడకు త్రాడు తగిలింతురు. మూడు మెట్లు ఎక్కింతురు. మూడవమెట్టున సొలొమోను దేవాలయపు శిల్పి హీరాము హత్యను అతనిచే అభినయింపజేసి, చచ్చినవానిని లేపినట్లు లేపుదురు. సుత్తి, ఉలి, మూలమట్టము, కంపాసు మొదలగు తాపీపనివాని పనిముట్లకు వారు శీలపరమైన అర్థములు చెప్పుదురు. చెక్కని రాయి మోటుమనిషి, చెక్కిన రాయి సంస్కృతుడు. తొలినాళ్ళలో వారు సత్రపు నేలమీద సుద్దతో గీసికొనిన సంకేతపటమును, మార్కాపురపు పలకమీద బాలుడు వ్రాసి తుడిచినట్లు, పని ముగియగనే తుడిచివేసెడివారు. శైవుల రజోమండలమునకును కర్మాంతమున తుడుపే గతి.

ఈ పోలికలు చూచి, ఒకరి విద్య మఱియొకరికి రహస్యముగా చేరెనని కథలల్లువారు కలరు. అది నిలువని మాట. ఒకరిది పాషాణశిల్పుల వృత్తిసంఘమునుండి మలచుకొనిన ఆచారము. మఱియొకరిది ఆగమములనుండి వచ్చిన కర్మకాండ. మానవుని ఒక జన్మమునుండి మఱియొక జన్మమునకు దాటింపవలెనన్నచో చీకటి, బంధము, విమోచనము అను మూడింటిని మించిన సాధనములు ఎవరికిని దొరకవు గాబోలు. రహస్యమన్నదియు పైమాటయే. మేసనుల విధిని 1730లోనే సామ్యుయేల్ ప్రిచర్డు లండనున అచ్చువేసి అమ్మెను. సోమశంభువు తనవారి విధిని తానే వ్రాసిపెట్టెను. చదివినవాడు తెలిసికొనును గాని దీక్షితుడు కాడు. వారు దాచిన దంతయు అదియే.

గోళకీవారి దీక్ష మండపములోపలిది, దాని ఫలము మాత్రము ఊరివారందఱిది. మల్కాపుర దానమున మూడవవంతు శివునకు, మూడవవంతు విద్యార్థులకును శైవమఠమునకును, మిగిలినది ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, విప్రసత్రమునకు. మూడు వేదములకు ముగ్గురు, పదవాక్యప్రమాణ సాహిత్యాగమములకు ఐదుగురు అధ్యాపకులు, ఒక వైద్యుడు, ఒక కరణము. బ్రాహ్మణుడు మొదలు చండాలునివఱకు వచ్చినవారికెల్ల అన్నము. కన్నులు గట్టి లోనికి కొనిపోవు సంఘమువారు ఏడువందల యేండ్లనాడు పురుడు పోయుటకు ఇల్లు కట్టించిరనుట ఈ చరిత్రలో నాకు అన్నిటికంటె గొప్పగా తోచును. 1323లో ఓరుగల్లు పడిన పిదప ఈ మఠములు క్రమముగా క్షీణించినవి. శ్రీశైలమున వీరశైవుల భిక్షావృత్తి మఠము ప్రబలమయ్యెను.

త్రిపురాంతకము పోవువారు దర్శనమైన వెంటనే కొండ దిగక, ఆలయపు రాళ్ళమీది శాసనాక్షరములయొద్దను కొంతసేపు నిలువవలెనని మనవి. కాకతీయుల కాలపు శాసనములు ఇంత దట్టముగా నున్న చోటులు తెలుగుదేశమున మిక్కిలి కొన్నియే.