ఫోను పోయినచో తాళపుచెవి యెక్కడ?

ఖాతా తెరచుటకు సంకేతపదముతోపాటు ఫోనులోని యాప్ చూపు 6 అంకెల సంఖ్యను అడుగుట నేడు పరిపాటి. ఒక్కసారికే చెల్లు సంకేతపదముల పద్ధతి నొకదానిని 1981లో లెస్లీ లాంపోర్ట్ వివరించెను. 2011లో ప్రకటింపబడిన విధానము గడియారమును ఆధారముగ గొన్నది. సంఖ్య సాధారణముగ 30 సెకండులకొకసారి మారును. దానిని ఎవరును పంపరు. మన ఫోను, సంస్థవారి కంప్యూటరు, రెండును ఒకే రహస్య కీలకమును కాలముతో జోడించి విడివిడిగా గణించును. కనుక ఫోనుతో పోవునది సంఖ్య కాదు, కీలకము.

2010లోనే వచ్చిన గూగుల్ ఆథెంటికేటర్ కీలకమును ఫోనులోనే ఉంచెడిది; నకలును గూగుల్ ఖాతాలో దాచు సౌకర్యము 2023లోగాని కలుగలేదు. నకలున్నచో దొంగకు మరియొక దారి. లేనిచో యజమానికే తలుపు మూత. అందుచే పలు సంస్థలు, ఒక్కొక్కటి ఒక్కమారే పనిచేయు అత్యవసర సంకేతములను ముందుగనే ఇచ్చుచున్నవి. వానిని కాగితముపై వ్రాసి ఫోనునకు దూరముగ భద్రపరుపవలెను. ఇంత గణితమునకు పిదప ఆదుకొనునది పాత కాగితమే!