చేవ్రాళ్ళ సేకరణ: ఒక విరక్తి కథ

అరచేతిలో ఇమిడే చిన్న పుస్తకం. లోపల గులాబీ, పసుపు, లేతాకుపచ్చ వన్నెల కాగితాలు. ఒక తరం విద్యార్థులకు ఇది మిక్కిలి పరిచితమైన వస్తువు. సభ ముగియగానే వేదిక మీది పెద్దలను చుట్టుముట్టి ఆటోగ్రాఫ్ అడగడం ఆనాటి యువజనోత్సాహాలలో ఒకటి. గాంధీమహాత్ముడు ఆ ఉత్సాహాన్ని సైతం వృథాగా పోనీయలేదు. ఒక్కొక్క చేవ్రాలుకు 5 రూపాయల చొప్పున హరిజన నిధికి పుచ్చుకొనేవాడు.

సంతకం, దస్తఖతు, చేవ్రాలు అని మన భాషలో ఈ పనికి మాటలకు కొదువ లేదు. అయితే ఇవన్నీ కచేరీలకు, క్రయపత్రాలకు సంబంధించిన మాటలు. కవి చేతివ్రాతను దాచుకోవలెనన్న కోరిక మనకు అంత పాతది కాదు. తిక్కన చెప్పుచుండగా గురునాథుడు వ్రాసినాడని ఐతిహ్యం. ఆ తాటాకులూ నేడు లేవు. పద్యం దక్కితే చాలునని మన పూర్వులు తృప్తిపడినారు.

ఐరోపాలో ఈ అభిరుచికి ఒక ప్రారంభదశ కనబడుతున్నది. 16వ శతాబ్దిలో విట్టెన్‌బర్గు మొదలైన జర్మను విశ్వవిద్యాలయాలలో చదువుకొనే విద్యార్థులు ‘స్నేహితుల పుస్తకం’ అనదగిన చిన్న సంపుటాన్ని వెంట ఉంచుకొనేవారు. లూథరు, మెలాంక్తన్ వంటి ఆచార్యులచేత అందులో ఒక సూక్తి, దాని క్రింద పేరు వ్రాయించుకొనేవారు. ఊరు విడిచిన తరువాత అది జ్ఞాపకచిహ్నం. కొత్త ఊరిలో పరిచయపత్రం. ఆ పిమ్మట రాజులు, ధనికులు, పండితులు ఈ వ్యసనంలో పడినారు. మహాకవి గెటే అంతటివాడు కూడా ఇతరుల చేవ్రాళ్ళను శ్రద్ధగా ప్రోగుచేసినాడు.

ఈ చరిత్రలో నన్ను అన్నిటికంటె ఆకర్షించిన పురుషుడు ఆస్ట్రియా రచయిత స్టెఫాన్ జ్వైగ్. సేకరణలో ఆయనకున్న ఆసక్తి ఒక ఎత్తు. ఆ ఆసక్తి ఆయనను విడిచిపోయిన తీరు మరొక ఎత్తు.

జ్వైగ్ 1881లో వియన్నా నగరంలో సంపన్న కుటుంబంలో జన్మించినాడు. ఆనాటి వియన్నాలో నటులు, గాయకులు, కవులు దేవతలవలె పూజలందుకొనేవారు. బడిపిల్లలు నాటకశాల వెనుక గుమ్మం దగ్గర కాచుకొని చేవ్రాళ్ళు సంపాదించేవారు. జ్వైగ్ వారిలో ఒకడు. సంగీతకర్త బ్రామ్స్ ఒకసారి ఈ పిల్లవాని భుజం తట్టినాడట. ఆ మైకం కొన్నాళ్ళపాటు దిగలేదని పెద్దవాడైన తరువాత జ్వైగ్ తన ఆత్మకథలో చెప్పుకొన్నాడు.

కాని ఆ బాలునికి త్వరలోనే వట్టి చేవ్రాళ్ళమీద మనసు విరిగింది. పేరు మాత్రమే ఉన్న కాగితం ఏమి చెబుతుంది? అడిగినవాని పోరు పడలేక గీసి ఇచ్చిన నాలుగక్షరాలు అవి. ఆ మనిషి మనిషిగా, కవి కవిగా అందులో లేడు. జ్వైగ్ వాటిని వదలి వ్రాతప్రతులవైపు తిరిగినాడు. అందులోనూ శుభ్రంగా ఎత్తి వ్రాసిన ప్రతి కాదు; కొట్టివేతలు, తడబాట్లు, మార్జినులో దూర్చిన మాటలు గల తొలి చిత్తుప్రతి కావాలి. సృష్టి జరిగిన క్షణం ఆ కాగితంమీద పట్టుబడి ఉంటుందని ఆయన నమ్మకం. బాల్జాక్ దిద్దిన ప్రూఫుల సంపుటం ఒకటి ఆయన వద్ద ఉండేది. దానిలో అచ్చుపడిన ప్రతి వాక్యాన్నీ ఆ నవలాకారుడు మళ్ళీ మళ్ళీ చెరిపి వ్రాయగా తెల్లని అంచులు నల్లబడిపోయినవి. అచ్చుపని ఎరిగినవారు ఆ కంపోజిటరును తలచుకొని జాలిపడక మానరు!

గెటే గీతానికి మోజార్ట్ స్వరం కట్టిన ‘వయొలెట్ పువ్వు’ వ్రాతప్రతి ఆయనకు దక్కింది. ఒకే కాగితంలో ఇద్దరు మహనీయులు! బీథోవెన్ వ్రాతబల్ల కూడా ఆయన ఇంటికి చేరింది. సేకరణకు సంబంధించిన వేలంపాటల జాబితాలే 4,000కు పైగా పోగుపడినవి. 1910లో తానున్న భవనంలోనే, పై అంతస్తులో, గెటే వైద్యుని కుమార్తె వృద్ధురాలై జీవించి ఉన్నదని తెలిసి ఆయన నిర్విణ్ణుడైనాడు. 1830లో ఆ పసిపాపకు నామకరణం గెటే సమక్షంలో జరిగింది. గెటే చూపు సోకిన కన్నులు ఇంకా ఈ లోకాన్ని చూస్తున్నవి! చేతివ్రాతలో ఆయన వెదకినదీ ఇటువంటి స్పర్శనే.

ఈ సంపద తనదని ఆయన అనుకోలేదు. కొంతకాలానికి కాపలాదారునని మాత్రమే భావించినాడు. తన తరువాత దానిని ఒక సంస్థకు ఇవ్వవలెననీ, ఏటేటా కొంత ధనం వెచ్చించి దానిని పెంపు చేయవలెనని షరతు పెట్టవలెననీ ఆయన సంకల్పం.

ఇక్కడ ఆయన వ్రాసిన ‘అదృశ్య సేకరణ’ అనే కథను చెప్పక తప్పదు. మొదటి ప్రపంచయుద్ధం తరువాత జర్మనీలో మార్కు విలువ పడిపోయి జనం తిండికి అలమటించిన రోజులు. ఒక చిన్న పట్టణంలో ఒక అంధవృద్ధుడు. జీవితమంతా పొదుపుచేసి డ్యూరర్, రెంబ్రాంట్ వంటి వారి చిత్రముద్రలు సేకరించినాడు. భార్య, కుమార్తె ఆకలికి తాళలేక ఒక్కొక్కటిగా వాటిని అమ్మి, ఆ స్థానాలలో ఖాళీ కాగితాలు ఉంచినారు. వృద్ధునికి ఆ సంగతి తెలియదు. చూడవచ్చిన వ్యాపారికి ఖాళీ కాగితాలనే ఒక్కొక్కటిగా ఎత్తి చూపుతూ, గీతగీతనూ వర్ణించి ఆనందిస్తాడు. సేకరణ పోయింది, ఉత్సాహం పోలేదు.

కథ వ్రాసినవానికి దానికి సరిగా వ్యతిరేకం జరిగింది.

1919 నుండి జ్వైగ్ సాల్జ్‌బర్గులో ఒక కొండమీది ఇంట కాపురమున్నాడు. అక్కడినుండి చూస్తే ఎదుట బెర్హ్‌టెస్‌గాడెన్ పర్వతం. హిట్లరు నివాసం అక్కడనే ఏర్పడింది. 1933 మే నెలలో జర్మనీలో మంటలపాలైన గ్రంథాలలో జ్వైగ్ గ్రంథాలూ ఉన్నవి. 1934 ఫిబ్రవరిలో, ఆయుధాలు దాచినాడేమోనని పోలీసులు ఆయన ఇల్లు సోదాచేసినారు. దొరికినది ఏమీ లేదు. కాని కొద్ది రోజులలోనే ఆయన పెట్టె సర్దుకొని లండను చేరినాడు. ఇల్లు విడిచిన పిమ్మట సేకరణలో ఆనందం నశించిందని ఆయనే వ్రాసినాడు. సమకాలికులు కానుకగా ఇచ్చిన వ్రాతలను చాలవరకు వియన్నా జాతీయ గ్రంథాలయానికి అప్పగించినాడు. ఎన్నో అమూల్యమైన ప్రతులను అమ్మివేసినాడు. వాటిలో పెక్కు స్విట్జర్లండులోని మార్టిన్ బోడ్మర్ అనే సేకర్త వద్దకు చేరినవి. వియన్నాకు ఇచ్చినదైనా ఎంతకాలం క్షేమం? 1938 మార్చిలో ఆస్ట్రియాయే హిట్లరు వశమైనది.

అభిరుచి సడలడానికి లోకంలో కారణాలు అనేకం. వయసు, ధరలు, దొంగవ్రాతల బెడద, కావలసినవన్నీ దొరికిన తరువాతి వెలితి. జ్వైగ్‌కు వీటిలో ఏదీ అన్వయించదు. తెలివి, ధనం, అవకాశం అన్నీ ఉన్నవి. లేనిది రేపటి మీది నమ్మకం. దాచడమనేది ముందుతరంవారికోసం చేసే పని గదా! ఆ ముందుతరం కనబడనప్పుడు బీరువా బరువే మిగులుతుంది. మాటను గాలిలోకి వదలి ఇంటికి పోయే మా రేడియో ఉద్యోగం చేసేవారికి ఆ బరువు అంత సులభంగా బోధపడదేమో.

అయినా ఆయనలో నిప్పు పూర్తిగా ఆరలేదు. సంగీతానికి సంబంధించిన మేలైన ప్రతులు కొన్ని విడువక ఉంచుకొన్నాడు. లండనులో మరికొన్ని చేర్చినాడు కూడా. 1940లో ఇంగ్లండు వదలి అమెరికాకు, అటనుండి బ్రెజిలుకు పోయినాడు. 1942 ఫిబ్రవరిలో, పెట్రోపొలిస్ అనే ఊరిలో, భార్యతోపాటు విషం పుచ్చుకొని కన్నుమూసినాడు.

ఆయన విడువలేకపోయిన ఆ మిగులు ప్రతులను వారసులు 1986లో బ్రిటిష్ లైబ్రరీకి దానంచేసినారు. అందులో మోజార్ట్ తన రచనలకు తానే వ్రాసుకొన్న పట్టిక ఉన్నది. 1784 ఫిబ్రవరిలో మొదలుపెట్టి, ఎడమ పుటలో తేదీ, రచన పేరు, కుడి పుటలో మొదటి స్వరాలు ఎక్కించుకొంటూ వచ్చినాడు. చివరి పద్దు 1791 నవంబరు 15వ తేదీది. మూడు వారాలకు మోజార్ట్ మరణించినాడు. ఆ తరువాతి పుటలలో స్వరాలకోసం గీసి ఉంచిన గీతలు మాత్రం ఉన్నవి.